మా పల్లెటూరి పళ్ళ వైనరీ: అందరూ అడిగేవి, మా జవాబులు

మాది మిషిగన్‌లో నైరుతి మూల, సౌత్ హేవెన్ ఊరి నుంచి కాస్త లోపలికి వస్తే తగిలే పల్లె. 12 ఎకరాల తోట, అందులో ఎక్కువ భాగం బ్లూబెర్రీ, ఒక ఎకరం పీచ్ చెట్లు, మిగతాది ఇల్లు, బార్న్ (వైన్ చేసే పెద్ద కొట్టం), చిన్న చెరువు. పుల్ల చెర్రీలు, ఆపిల్స్ చుట్టుపక్కల తోటలవాళ్ళ దగ్గర కొంటాం. మా పళ్ళలో చాలావరకు పచ్చిగానే అమ్ముడుపోతాయి, జనం వచ్చి వాళ్ళే కోసుకుని వెళ్తారు, మిగిలినవి వైన్ అవుతాయి. ఏడాదికి 1,200 గ్యాలన్లు చేస్తాం, అంటే 6,000 సీసాలు అటూ ఇటూ. పని చేసేది నేను, మా ఆయన, ఏడాదిలో ఆరు నెలలు ఇక్కడుండే అత్తయ్యగారు మామయ్యగారు, సీజన్లో ఇద్దరు ముగ్గురు కూలీలు. నోవై నుంచి, ట్రాయ్ నుంచి, షికాగో నుంచి మన తెలుగువాళ్ళు శని ఆదివారాలు చాలామంది వస్తారు, అందరూ దాదాపు ఇవే అడుగుతారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

ద్రాక్ష లేకుండా వైన్ ఏంటండీ?

పండులో తీపి ఉంటే చాలండి, ఈస్ట్ దాన్ని తిని ఆల్కహాల్ చేస్తుంది. ద్రాక్షకి ఉన్న సుఖం ఏంటంటే తీపి, పులుపు, నీళ్ళు అన్నీ వైన్‌కి సరిపడా దానిలోనే ఉంటాయి, మనం పెద్దగా ఏమీ కలపక్కర్లేదు. మిగతా పళ్ళకి ఆ అమరిక ఉండదు. బ్లూబెర్రీలో తీపి తక్కువ, చెర్రీలో పులుపు ఎక్కువ, పీచ్‌లో గుజ్జు ఎక్కువ. ఒక్కో పండుకీ ఏం లోటో తెలుసుకుని అది సర్దాలి. మన తాటి కల్లు, ఈత కల్లు కూడా ఇదే లెక్క కదా, పొద్దున చెట్టు మీద నుంచి దించినప్పుడు తియ్యగా ఉండేది సాయంత్రానికి పులిసి ఘాటు ఎక్కుతుంది. తేడా ఏంటంటే కల్లు ఆ రోజుకారోజు తాగేది, ఇది ఏడాది నిలవుండాలి. ఆ నిలవుంచడం కోసమే మా కష్టమంతా.

మిషిగన్ అంత చలి రాష్ట్రంలో పళ్ళ తోటలా?

అదంతా సరస్సు చలవ. మాకు పడమరగా మిషిగన్ సరస్సు ఉంది, చూడ్డానికి సముద్రమే. చలికాలంలో ఆ నీళ్ళు మెల్లగా చల్లబడతాయి కాబట్టి ఒడ్డునున్న నేల మరీ గడ్డకట్టుకుపోదు, వసంతంలో మెల్లగా వేడెక్కుతాయి కాబట్టి చెట్లు తొందరపడి పూత పూయవు. తొందరపడితేనే ప్రమాదం. 2012 మార్చిలో ఇక్కడ ఎండాకాలంలా వేడెక్కి చెట్లన్నీ ముందే పూశాయి, ఏప్రిల్లో వరసగా మంచు పడి రాష్ట్రంలో పుల్ల చెర్రీ పంట 90 శాతం దాకా పోయింది. మేమప్పటికి ఇంకా ఈ తోట కొనలేదు, కానీ పక్క తోట పెద్దాయన ఇప్పటికీ మార్చిలో ఎండ కాస్తే సంతోషపడడు, ఆకాశం వైపు చూసి తల అడ్డంగా ఊపుతాడు.

సౌత్ హేవెన్‌కి పళ్ళ విషయంలో పెద్ద చరిత్ర ఉందండి. ఇవాళ ప్రపంచమంతా పండించే రెడ్‌హేవెన్ అనే పీచ్ రకం ఇక్కడి ప్రయోగ కేంద్రంలో స్టాన్లీ జాన్‌స్టన్ అనే ఆయన తయారుచేశాడు, 1940లో విడుదలైంది. మా ఎకరంలో ఉన్నవి కూడా అవే. పుట్టిన ఊళ్ళోనే పెరుగుతున్న చెట్లు కదా అని నాకు వాటిమీద కొంచెం ఎక్కువ ప్రేమ.

మీ రోజు ఎలా గడుస్తుంది?

ఏ నెల్లో అడుగుతున్నారో చెప్పాలి. తోట ఎలా చెప్తే మా రోజు అలా ఉంటుంది.

మే నెల అంటే రాత్రిళ్ళు నిద్ర ఉండదు. బ్లూబెర్రీ పూత మీద ఉన్నప్పుడు ఉష్ణోగ్రత 28 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే పువ్వు దెబ్బతినడం మొదలవుతుంది, అందుకని ఫోన్లో అలారం పెట్టుకుంటాం, 34కి రాగానే మోగుతుంది, అది రెండు గంటలకైనా సరే మూడు గంటలకైనా సరే లేచి స్ప్రింక్లర్లు ఆన్ చెయ్యాలి. మంచు పడుతుంటే నీళ్ళు కొట్టడం ఏంటని మొదటిసారి నాకూ అర్థం కాలేదు. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు కొంచెం వేడి వదులుతాయి, ఆ వేడే పువ్వుని కాపాడుతుంది, కానీ మధ్యలో ఆపకూడదు, ఆపితే చెయ్యకపోయినదానికన్నా ఎక్కువ నష్టం. ఎండ వచ్చి ఆ మంచు దానంతటది కరిగి రాలేదాకా నడుస్తూనే ఉండాలి. తెల్లారేసరికి ఒక్కో పూలగుత్తి చుట్టూ గాజు పోత పోసినట్టు ఉంటుంది, లోపల తెల్లటి పువ్వు అలాగే కనపడుతుంటుంది. ఆ టైంలో మామయ్యగారు ఫ్లాస్కులో టీ పట్టుకుని వస్తారు, ముగ్గురం పంపు షెడ్డు దగ్గర నిలబడి తాగుతాం, ఎవ్వరం మాట్లాడం, పంపు ఆగిపోకుండా ఉంటే చాలని వింటూ ఉంటాం.

జూలై, ఆగస్టు అసలైన పరుగు. ఐదింటికి లేచి ముందు బార్న్‌లోకి వెళ్తాను. పులుస్తున్న తొట్లలో పళ్ళ తొక్కలన్నీ పైకి తేలి జానెడు మందాన తెట్టు కట్టి ఉంటాయి, దాన్ని పొడుగాటి స్టీల్ తెడ్డుతో కిందికి నొక్కి కలపాలి, పొద్దునోసారి సాయంత్రమోసారి, ఒక్క పూట మానినా పైన తొక్క ఎండి పులుపు వాసన పట్టేస్తుంది. తర్వాత హైడ్రోమీటర్ (రసం చిక్కదనం కొలిచేది, తీపి తగ్గేకొద్దీ అంకె దిగుతుంది), థర్మామీటర్ చూసి పుస్తకంలో రాయడం. ఎనిమిదింటికి పళ్ళు కోసుకునే జనం మొదలవుతారు, వాళ్ళకి బకెట్లు ఇవ్వడం, తూకం వెయ్యడం, చిన్నపిల్లలు తప్పిపోతే వెతికి పట్టుకురావడం. మధ్యాహ్నం కోసిన పళ్ళు కడిగి ఏరి ఫ్రీజర్‌కి పంపడం. సాయంత్రం మళ్ళీ తెడ్డు. ఆ తర్వాత కడగడం, కడగడం, కడగడం. నన్నడిగితే వైనరీ పనిలో ముప్పాతిక భాగం కడగడమే. గొట్టాలు, తొట్లు, నేల, జల్లెళ్ళు, పంపు, చివరికి బూట్లు కూడా.

సెప్టెంబర్, అక్టోబర్ ఆపిల్స్. నవంబర్లో సీసాలు నింపడం. జనవరి నుంచి మార్చి దాకా మోకాలిలోతు మంచులో కత్తెర పెట్టి ముదురు కొమ్మలు కొట్టెయ్యడం, మధ్యాహ్నం నుంచి లెక్కలు, లేబుళ్ళు, ఒక ట్యాంక్ నుంచి ఇంకో ట్యాంక్‌కి తేటవార్చడం. ఆ మూడు నెలలు నాకు చాలా ఇష్టం, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, బార్న్‌లో ట్యాంకుల మీద ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత) బుడగలు మాత్రం వినిపిస్తుంటాయి.

అసలు ఎలా చేస్తారు? మొదటి నుంచి చెప్పండి.

బ్లూబెర్రీది చెప్తాను, అది మా ప్రధాన సరుకు. మేం జెర్సీ అనే పాత రకం వాడతాం, పండు చిన్నది, రుచి ఎక్కువ. కోసిన పళ్ళని ముందు ఫ్రీజ్ చేస్తాం. గడ్డకట్టినప్పుడు పండు లోపల కణాల గోడలు పగుల్తాయి, కరిగించగానే రసం దానంతటదే కారుతుంది, గట్టిగా పిండక్కర్లేదు. పైగా సీజన్లో అన్ని పనులూ ఒక్కసారి మీద పడకుండా కొంచెం కొంచెంగా చేసుకోవచ్చు.

కరిగిన పళ్ళు తొట్టిలో వేసి గుజ్జుని విడగొట్టే ఎంజైమ్, చిటికెడు మెటాబైసల్ఫైట్ (సల్ఫైట్ పొడి) వేసి ఒక రోజు అలా వదిలేస్తాం. పండు మీదున్న అడవి ఈస్ట్‌లూ బ్యాక్టీరియా అణిగిపోవడానికి. మర్నాడు మనకి కావాల్సిన ఈస్ట్ వేస్తాం. ఇది పాలు తోడు పెట్టడం లాంటిదేనండి. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చస్తుంది, మరీ చల్లగా ఉంటే తోడుకోదు, ఈస్ట్ కూడా అంతే. గోరువెచ్చని నీళ్ళలో, అంటే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక ఇరవై నిమిషాలు నానబెట్టి, ఆ తర్వాత తొట్టిలో రసం కొంచెం కొంచెంగా దానికి కలుపుతూ చల్లార్చి అప్పుడు వేస్తాం. బ్లూబెర్రీ కొంచెం మొండి పండు, దానిలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు ఈస్ట్‌ని అడ్డుకుంటాయి, అందుకే దీనికి తోడు బలంగా ఉండాలి, ఈస్ట్‌కి తిండి కూడా వెయ్యాలి. తిండి తక్కువైతే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, మొదటి ఏడాది ఆ వాసనకి మా అత్తయ్యగారు బార్న్ వైపు రావడమే మానేశారు.

వేసిన రెండో రోజుకి పొంగు మొదలవుతుంది. ఆరేడు రోజుల్లో చాలావరకు పులుస్తుంది, హైడ్రోమీటర్ 1.090 దగ్గర మొదలై 1.010కి వచ్చాక తొక్కలు పిండి రసం ట్యాంక్‌లోకి పంపుతాం, అక్కడ మిగిలింది మెల్లగా పులిసి 0.995 దాకా దిగుతుంది. మూడు వారాలకి అడుగున మడ్డి పేరుకుంటుంది, పై తేట మాత్రం ఇంకో ట్యాంక్‌లోకి వారుస్తాం. మళ్ళీ మూడు నెలలకి ఒకసారి, మళ్ళీ మూడు నెలలకి. ప్రతిసారీ ట్యాంక్ అంచుదాకా నిండుగా ఉండాలి, పైన గాలి ఉండకూడదు. ఇలా తొమ్మిది పది నెలలు.

చెర్రీకి ఒక్క జాగ్రత్త అదనంగా. గింజలు పగలకూడదు. గింజ లోపలి పప్పులో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది, పైగా చేదు. మేం గింజ తీసిన చెర్రీలే తెచ్చుకుంటాం.

ఈ మొత్తంలో నేను నేర్చుకున్నది మా అమ్మ ఆవకాయ పెట్టేటప్పుడు చూసిందే. మాది నూజివీడు వైపు. జాడీ కడిగి, తుడిచి, ఎండలో బోర్లించి, చెమ్మ లేదని చేత్తో తడిమి చూసి అప్పుడు ముక్కలు వేసేది, తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని మమ్మల్ని దగ్గరికే రానిచ్చేది కాదు. మూడో రోజు తిరగ కలిపేది, వాసెన కట్టి మూల పెట్టేది. నాకు వైన్ కెమిస్ట్రీ తర్వాత వచ్చింది, జాడీ శుభ్రం ముందే వచ్చింది.

చక్కెర వేస్తారట, అది కల్తీ కాదా?

కాదండి. లెక్క చెప్తాను. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. వైన్ నిలవుండాలంటే 12 శాతం ఉంటే బాగుంటుంది, అంటే లీటరుకి 204 గ్రాములు కావాలి. మా బ్లూబెర్రీ రసంలో మామూలుగా 120 గ్రాములు ఉంటుంది. మిగతా 84 గ్రాములు మనం వెయ్యాల్సిందే, లేకపోతే 7 శాతం దగ్గర ఆగిపోతుంది, అది మూణ్ణెల్లు కూడా నిలవదు. వేసిన చక్కెరంతా ఈస్ట్ తినేస్తుంది, తాగేటప్పుడు మీకు తియ్యగా తగిలేది చివర్లో రుచి కోసం విడిగా కలిపింది. రంగులు, ఎసెన్సులు మేం ఏవీ వెయ్యం. ఆ నీలం, ఆ ఎరుపు పండువే.

సల్ఫైట్లు ఉంటాయా? వాటి వల్ల తలనొప్పి వస్తుందంటారు.

ఉంటాయి. పది పీపీఎం, అంటే పది లక్షల్లో పది భాగాలు, దాటితే లేబుల్ మీద రాయాలని ఇక్కడ రూల్, మావి దాటతాయి కాబట్టి రాస్తాం. డ్రై ఆప్రికాట్లలో వైన్లకన్నా చాలా ఎక్కువ ఉంటుంది, అవి తిని తలనొప్పి రానివాళ్ళకి వైన్లో సల్ఫైట్ వల్ల వచ్చిందనుకోవడం కష్టం. కానీ ఆస్తమా ఉన్నవాళ్ళలో కొంతమందికి సల్ఫైట్లు నిజంగానే పడవు, మీకు అలాంటిదుంటే దయచేసి తాగొద్దు, మేం కూడా పొయ్యం.

వెజిటేరియనేనా?

మన వాళ్ళు తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్న, కానీ చాలా మంచి ప్రశ్న. వైన్ తేటపడటానికి కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడతారు. మేం బెంటోనైట్ వాడతాం, అది ఒకరకం మట్టి, నీళ్ళలో నానబెట్టి కలిపితే మబ్బునంతా పట్టుకుని కిందికి లాగేస్తుంది. కాబట్టి మావి పూర్తిగా శాకాహారమే. వేరేచోట కొనేటప్పుడు మాత్రం అడిగి తెలుసుకోండి.

ఈ పనిలో ప్రమాదం ఉంటుందా?

ఉంటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఇంట్లో చేసుకునేవాళ్ళకి కూడా చెప్తున్నా. లీటరు రసం పూర్తిగా పులిస్తే యాభై లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికన్నా బరువు, కంటికి కనపడదు, నేలబారున, తొట్టి లోపల పేరుకుంటుంది. మన ఊళ్ళల్లో వాడకుండా వదిలేసిన బావిలోకి దిగి ఒకరు పడిపోవడం, వాళ్ళని తియ్యడానికి ఇంకొకరు దిగి వాళ్ళూ పడిపోవడం మీరు వినే ఉంటారు. అక్కడా ఇదే గ్యాస్, గాలి చాలకపోవడం.

మా రెండో ఏడాది, మామయ్యగారు పొంగు ఎలా ఉందో చూద్దామని పెద్ద తొట్టిలోకి తల వంచి గట్టిగా వాసన పీల్చారు. ఒక్క పీల్పు. వెనక్కి తూలి గోడ పట్టుకున్నారు, ముఖం తెల్లగా అయిపోయింది, అదృష్టం బాగుండి మా ఆయన పక్కనే ఉండి బయటికి లాక్కొచ్చాడు. పది నిమిషాలకి తేరుకున్నారు. ఆ సాయంత్రమే మీటర్ ఆర్డర్ పెట్టాం. ఇప్పుడు నడుం ఎత్తులో ఒకటి, మోకాలి ఎత్తులో ఒకటి ఉన్నాయి, 5,000 పీపీఎం దాటితే అరుస్తాయి, అప్పుడు తలుపులు తీసి ఫ్యాన్ పెట్టి అందరం బయటికి వస్తాం. పాతకాలంలో బావిలోకి దీపం దించి చూసేవాళ్ళు కదా, దాన్ని ఇక్కడ నమ్ముకోవద్దు, దీపం ఆరేలోపే మనిషికి ప్రమాదం ముంచుకొచ్చేస్తుంది. ఇంకోటి, సీజన్లో బార్న్‌లోకి ఒక్కళ్ళం వెళ్ళం, కనీసం ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్తాం.

ఎప్పుడైనా మొత్తం పాడైపోయిందా?

2018 పీచ్. 150 గ్యాలన్ల ట్యాంక్, 750 సీసాలు. తియ్యగా చేసి సీసాల్లో పోశాం. తీపి వైన్‌లో మిగిలిన ఈస్ట్ మళ్ళీ లేవకుండా సార్బేట్ వేస్తారు, మేమూ వేశాం. కానీ ఆ సార్బేట్ పాతది. అమ్మినవాళ్ళు పెద్ద డబ్బాలోంచి తీసి పొట్లాల్లో పంపారు, వాటి మీద తేదీ లేదు, మేం అడగలేదు. సార్బేట్ ఏడాది దాటితే బలం తగ్గిపోతుంది. జూలైలో గోడౌన్ వేడెక్కగానే ఒక రాత్రి టప్ మని ఒక సీసా, కాసేపటికి ఇంకోటి. తెల్లారి కళ్ళద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకుని 750 సీసాలూ ఒక్కొక్కటే బిరడా తీసి ఒంపేశాం. రెండు రోజులు పట్టింది. తోటంతా పీచ్ వాసన, తేనెటీగలు. అత్తయ్యగారు ఆ రెండు రోజులూ అన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టారు, చేతులు కడుక్కుని కూర్చుని తినే ఓపిక కూడా మాకు లేదు. ఇప్పుడు ఏ పొడి వచ్చినా వచ్చిన తేదీ మార్కర్‌తో డబ్బా మీద రాస్తాం, తేదీ లేనిది తిప్పి పంపేస్తాం, తీపి వైన్ సన్నటి ఫిల్టర్ పట్టకుండా సీసాకెక్కదు, సీసాల్లో పోసేముందు రెండు సీసాలు వెచ్చటి చోట నెల రోజులు పెట్టి చూస్తాం.

పురుగుల సంగతి కూడా చెప్పాలి. 2010లో మిషిగన్‌లోకి ఒక చిన్న ఈగ వచ్చింది, స్పాటెడ్ వింగ్ డ్రోసోఫిలా అంటారు. మామూలు పళ్ళ ఈగ కుళ్ళినదాని మీదే వాలుతుంది, ఇది పండుతున్న మంచి పండుని రంపం లాంటి ముల్లుతో కోసి లోపల గుడ్లు పెడుతుంది. అందుకే పండాక ఒక్క రోజు కూడా చెట్టుమీద ఎక్కువ ఉంచం, రాలినవి ఏరిపారేస్తాం.

లైసెన్సులు, టాక్సులు ఎలా?

రెండు వైపులా కావాలి, ఫెడరల్ పర్మిట్ ఒకటి, రాష్ట్రానిది ఒకటి. మిషిగన్‌లో ఏడాదికి 50,000 గ్యాలన్లలోపు చేసేవాళ్ళకి చిన్న వైన్ తయారీదారు లైసెన్స్ ఉంది, మాది అదే. వంటగదిలో చేసి అమ్ముతానంటే కుదరదు, ఇంటికి విడిగా చోటుండాలి. ప్రతి లేబుల్ ముందు ఫెడరల్ వాళ్ళకి పంపి ఒప్పించుకోవాలి, అక్షరాల సైజు నుంచి గర్భిణుల హెచ్చరిక దాకా అన్నీ చూస్తారు.

టాక్స్ గురించి జనం భయపడతారు కానీ చిన్నవాళ్ళకి అది పెద్ద భారం కాదు. 16 శాతం లోపు వైన్‌కి ఫెడరల్ టాక్స్ గ్యాలన్‌కి డాలర్ ఏడు సెంట్లు, మొదటి 30,000 గ్యాలన్ల మీద ఒక డాలర్ తగ్గింపు ఉంది, మిగిలేది ఏడు సెంట్లు. మా 1,200 గ్యాలన్లకి 84 డాలర్లు. అసలు భారం లెక్క రాయడం. ఏ ట్యాంక్‌లో ఎంత ఉంది, ఎంత వార్చాం, ఎంత మడ్డిలో పోయింది, ఎంత ఒంపేశాం, ప్రతి గ్యాలన్‌కీ కాగితం ఉండాలి.

ఇంట్లో మేం చేసుకోవచ్చా? ఇండియాలో పెట్టొచ్చా?

అమెరికాలో ఇంటి అవసరానికి పెద్దవాళ్ళు ఒకరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు. దాన్ని మరిగించి సారా తియ్యడం మాత్రం పర్మిట్ లేకుండా నేరం, ప్రాణానికీ ప్రమాదం, ఆ జోలికి వెళ్ళొద్దు. ఇండియాలో మద్యం రాష్ట్రాల చేతిలో ఉంటుంది, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. మేఘాలయ 2020లో ఇళ్ళల్లో చేసే పళ్ళ వైన్‌కి దారి తెరిచింది, మన రెండు రాష్ట్రాల్లో మొదలుపెట్టాలంటే ముందు ఎక్సైజ్ ఆఫీసుకి వెళ్ళి అడగండి, ఆ తర్వాతే తొట్టి కొనండి. మన దగ్గర సపోటా, జామ, నేరేడు ఎంత రాలిపోతాయో చూసినదాన్ని కాబట్టి ఎవరైనా పద్ధతిగా చేస్తే నాకు చాలా సంతోషం.

ఉద్యోగం మానేసి ఇలాంటిది పెట్టాలనుంది. డబ్బులొస్తాయా?

మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పటికీ ఉంది, ఇంటి నుంచే చేస్తాడు. హెల్త్ ఇన్సూరెన్స్, పిల్లల చదువు దాని మీదే. పండు అమ్మకం తోట ఖర్చుకి, వైన్ అమ్మకం వైనరీ ఖర్చుకి, మిగిలింది మళ్ళీ ట్యాంకుకో ట్రాక్టరు టైరుకో పోతుంది. మొదటి మూడేళ్ళు చేతి నుంచే పెట్టాం. నా మాట వింటే ముందు ఒక సీజన్ ఏదైనా తోటలో కూలికి వెళ్ళండి, చలిలో కొమ్మలు కొట్టండి, అప్పటికీ మనసు అక్కడే ఉంటే అప్పుడు ఆలోచించండి.

మీ పెద్దవాళ్ళు ఒప్పుకున్నారా? పిల్లలు?

వైనరీ అనగానే ఊళ్ళో ఏం చెప్పుకోవాలని అమ్మ మూణ్ణెల్లు ఫోన్లో మాట తప్పించింది. తోటలో పండు కుళ్ళిపోకుండా దాచుకుంటున్నామమ్మా అని చెప్పాను. తర్వాత ఒకసారి వచ్చి చూసింది. సీసాల రోజున వచ్చింది, ఆ రోజు డెట్రాయిట్ నుంచి స్నేహితులు పదిమంది వస్తారు, ఒకళ్ళు నింపడం, ఒకళ్ళు బిరడా కొట్టడం, ఒకళ్ళు లేబుల్ అంటించడం, అందరికీ పులిహోర, బంగాళదుంప వేపుడు, పెరుగన్నం. అమ్మ కాసేపు చూసి కడిగిన సీసా ఒకటి తీసుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని అడుగున ఒక నీటిబొట్టు చూపించింది, ఇది ఇంకా ఆరలేదు అంది. ఆ రోజంతా సీసాలు ఆవిడే చూసింది, తిప్పి పంపినవి నలభై దాకా ఉంటాయి. రుచి మాత్రం చూడలేదు, మేం అడగలేదు.

పిల్లలు పళ్ళు ఏరతారు, బకెట్లు మోస్తారు, టేస్టింగ్ కౌంటర్ వెనక్కి రారు. ఇక్కడ 21 ఏళ్ళు దాటాలి, మా ఇంట్లోనూ అదే.

మన తిండితో ఏది బాగుంటుంది?

కారం ఉన్నప్పుడు ఆల్కహాల్ ఎక్కువైతే మంట ఇంకా పెరుగుతుంది, కొంచెం తీపి ఉంటే చల్లారుతుంది. మిరపకాయ బజ్జీలతో చల్లటి పీచ్, కోడి వేపుడుతో తీపి తగిలే చెర్రీ. బ్లూబెర్రీ తీపి లేనిది ఒకటి చేస్తాం, అది మాంసం కూరలకి, కానీ గోంగూరతో వద్దు, రెండు పులుపులూ కొట్టుకుంటాయి.

ఎప్పుడు రావచ్చు?

పళ్ళు కోసుకోవాలంటే జూలై రెండో వారం నుంచి ఆగస్టు చివరిదాకా. టేస్టింగ్ శని ఆదివారాలు మధ్యాహ్నం. ఐదు రకాలు, ఒక్కోటి ముప్పై మిల్లీలీటర్లు, ఉమ్మెయ్యడానికి పాత్ర ఉంటుంది, మొహమాటం అక్కర్లేదు. షికాగో నుంచి రెండు గంటల పైన డ్రైవ్, నడిపేవాళ్ళకి మేం బ్లూబెర్రీ షర్బత్ ఇస్తాం, డబ్బు తీసుకోం. బూట్లు వేసుకుని రండి, పొద్దున గడ్డి తడిగా ఉంటుంది.

మామిడి వైన్ ఉందా?

అందరూ చివరగా అడిగేది ఇదే. ఉంది, కానీ కొంచెమే. తాజా మామిడి ఇక్కడ దొరికేది వేరు, అందుకని చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో తీసిన తోతాపురి గుజ్జు తెప్పిస్తాం, చక్కెర కలపనిది, ప్రిజర్వేటివ్ లేనిది, ఉంటే ఈస్ట్ లేవదు. ఏడాదికి ఒక్క డ్రమ్ము, దానికి 300 సీసాలు. మూత తీయగానే బార్న్ అంతా మా నూజివీడు మే నెల వాసన. చిన్న రసాలతో చెయ్యాలని నాకు ఉంది, ఆ గుజ్జు ఇక్కడిదాకా రావట్లేదు.

మామిడి గుజ్జు మహా మబ్బు, తేటపడటానికి మిగతావాటికన్నా చాలా టైం తీసుకుంటుంది. పోయిన ఏడాదిది సంక్రాంతికే అయిపోయింది. కొత్తది ట్యాంక్‌లో ఉంది, నిన్న గ్లాసులో తీసి టార్చ్ వేసి చూశాను, ఇంకా వేలు అవతల వైపు కనపడట్లేదు. కనపడిన రోజు సీసాల్లో పోస్తాం.